అడుగు మీద పదకొండు వేళ్ళు

ఆ ఏడు చలికాలమంతా హేరియస్ కుదురుగా కూర్చుని తిన్న రోజు లేదు. జావగిన్నె చేత్తో పట్టుకుని వాకిట్లోకీ పెరట్లోకీ తిరుగుతూ తాగేవాడు. సగం తాగి గిన్నె ఎక్కడో పెట్టి మరిచిపోయేవాడు. తర్వాత అది బావి గట్టు మీదో, పనిముట్ల కొట్టంలోనో దొరికేది.

"ఏవయ్యా, నీ కాళ్ళ కింద ఎవరైనా నిప్పులు పోశారా?" అనేది భార్య పక్యా. "ఈ ఇంట్లో గిన్నెలు వెతుక్కోవడమే నాకు పనైపోయింది."

అతను బదులు చెప్పాలంటే ఒక్క రోజు సంగతి చెప్పాలి. ఆ రోజు సంగతి అతనికే సరిగా గుర్తులేదు. బాధంతా అదే.

హేరియస్ రోముకు దక్షిణాన ఉన్న అబెల్లా ఊరి కొలతగాడు. యాభై దాటినవాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఎవరింటి గుమ్మమైనా ముందు కంటితో కొలుచుకుని గానీ లోపలికి అడుగు పెట్టడు. స్థపతి తోలు మీద గీసిన బొమ్మను నేల మీదికి దించడం అతని పని. నాలుగు చేతుల కొయ్య పాతి, ఆ చేతులకు వేలాడే గుండ్ల వెంబడి కన్ను సారించి మూలలు చూస్తాడు. పొడుగాటి బల్ల మీది గాడిలో నీళ్ళు పోసి మట్టం చూస్తాడు. మేకులు కొట్టి, తాళ్ళు లాగి, సున్నంతో ముగ్గు పోస్తాడు. అతను ముగ్గు పోసిన చోట పనివాళ్ళు మరో మాట అడక్కుండా పార వేసేవాళ్ళు. "మా బావ ముగ్గు పోశాడంటే గోడ లేచినట్టే" అనేవాడు పక్యా తమ్ముడు బ్లాట్టియస్. ఊళ్ళో తాపీమేస్త్రీలందరికీ ఆ బ్లాట్టియసే పెద్ద.

ఆ ఊళ్ళో అడుగులు రెండు రకాలు. ఒకటి తాతముత్తాతల నాటి పాత అడుగు. రెండోది రోమువాళ్ళ అడుగు, పదహారు వేళ్ళది. పాతది దానికంటే వేలెడు పైచిలుకు పొట్టి. రోము అడుగే ఖాయమని ముప్పై ఏళ్ళ కిందట ఊరి నడిబొడ్డున రాతిబల్ల మీద చెక్కించారు. అయినా ఊళ్ళో సగం ఇళ్ళు పాత అడుగుతో కట్టినవే. వాటికి గుమ్మం మార్చాలన్నా దూలం మార్చాలన్నా పాత కొలతే కావాలి. అందుకని హేరియస్ దగ్గర కొలకర్రలు రెండుండేవి, తండ్రి నాటిదొకటి, తనదొకటి. రెండూ ఆలివ్ కర్రవే, రెండింటికీ చివర్న కంచు తొడుగులే, అడుగు అడుగుకీ ఒక గాటు. విడివిడిగా చూస్తే ఏది ఏదో అలవాటు పడ్డ కంటికి తెలుస్తుంది. కంగారు పడ్డ కంటికి తెలియదు.

కిందటి వేసవిలో మాగియస్ అనే ఊరిపెద్ద, తన పేరు నిలిచేలా న్యాయసభకు ఒక మండపం కట్టిస్తానన్నాడు. కాపువా నుంచి కార్విలియస్ అనే స్థపతిని పిలిపించాడు. కార్విలియస్ ముసలివాడు, మాట పదును, ఎప్పుడూ దవడలో ఒక హేజెల్ గింజ నలుగుతూ ఉండేది. ముందు తోలు మీద నేలబొమ్మ, ముఖం బొమ్మ గీశాడు. తర్వాత కొయ్యతో, మైనంతో మోకాలెత్తు నమూనా చేశాడు. మాగియస్ దాని పైకప్పు ఎత్తి లోపలికి తొంగిచూసి, నా పేరు ఎక్కడ చెక్కుతారని అడిగాడు.

మండపం ముందు ఆరు స్తంభాలు. కట్టడమంతా ఆ స్తంభం మొదలు మందం మీద ఆధారపడి ఉంది. అది ఒక పాలు, అంటే మూడడుగులు. స్తంభం ఎత్తు ఎనిమిది పాళ్ళు. స్తంభాల మధ్య సందు, పైన అడ్డరాయి, దాని మీద ముక్కోణపు ముఖం, గోడల్లో దూలాలు కూర్చునే గూళ్ళు, అన్నీ ఆ పాలు లెక్కనే. ఒక్క పాలు మారితే మండపం మొత్తం మారుతుంది.

స్తంభాల రాయి గ్రీసు దీవుల నుంచి రావాలి, పచ్చచారల పాలరాయి. గనివాళ్ళకు వాళ్ళ అడుగు వాళ్ళకుంటుంది కనుక అంకె రాసి పంపితే లాభం లేదు. ఒక పాలు పొడుగున కర్ర కోసి, "మందం ఇంత, పొడుగు దీనికి ఎనిమిదింతలు" అని పంపాలి. ఆ కర్ర కోసే పని హేరియస్‌ది.

రాళ్ళ వ్యాపారి మనిషి కర్ర కోసం వచ్చిన రోజునే హేరియస్ కూతురికి నొప్పులు మొదలయ్యాయి. కాన్పు కష్టమైంది. మంత్రసాని మాటిమాటికీ బయటికొచ్చి తల అడ్డంగా ఆడించేది. వాకిట్లో ఆ మనిషి కంచరగాడిద తాడు పట్టుకుని, "అయ్యా, చలికి ఓడలు ఆపేసి సముద్రం మూసేలోపు పుటియోలి రేవులో ఆఖరి ఓడ ఇదే. ఇది తప్పితే మళ్ళీ వసంతంలోనే" అని తొందరపెట్టాడు. కొట్టంలో బల్ల మీద రెండు కొలకర్రలూ ఉన్నాయి, ఎందుకంటే ముందురోజు ఒక పాత ఇంటి గుమ్మం కొలిచి వచ్చాడు. హేరియస్ కొత్త కర్రను ఒకదాని పక్కన ఆనించి, మూడో గాటు దగ్గర కత్తితో గీటు పెట్టి, రంపంతో కోశాడు. కోస్తుండగా లోపల కూతురు అరిచిన అరుపు మాత్రం అతనికి బాగా గుర్తుంది. కోసిన కర్ర గుడ్డలో చుట్టి ఆ మనిషి చేతిలో పెట్టి లోపలికి పరిగెత్తాడు. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బతికారు.

నెల గడిచింది. మళ్ళీ ఒక పాత ఇంట్లో పని పడి తండ్రి కొలకర్ర తీశాడు. మూడో గాటు పక్కన సన్నటి కత్తిగీటు కనబడింది. కొత్త గీటు. లోపలి కర్ర ఇంకా తెల్లగా ఉంది.

అది ఆ రోజు పడ్డదే కానక్కర్లేదు. గుమ్మం కొలిచినప్పుడు పడి ఉండవచ్చు. కొట్టంలో కత్తి జారి ఉండవచ్చు. హేరియస్ తనకు తాను ఇన్నీ చెప్పుకున్నాడు. చెప్పుకుంటూనే కొట్టంలోకి పోయి, బల్ల ముందు నిలబడి, ఆ రోజు నిలబడ్డట్టే నిలబడి, చెయ్యి చాపి చూశాడు. చెయ్యి ఒకసారి ఎడంపక్క కర్ర మీదికి పోయింది. ఇంకోసారి కుడిపక్క దాని మీదికి పోయింది.

కోయగా మిగిలిన ముక్క దొరికితే తేలిపోతుంది, మొత్తం కర్ర నాలుగడుగులని అతనికి తెలుసు. కొట్టమంతా వెతికాడు. కట్టెల గూడు మొత్తం దింపాడు.

"ఏం వెతుకుతున్నావు?" అంది పక్యా.

"ఒక కొయ్యముక్క. ఇంత పొడుగుంటుంది. పిల్ల పుట్టిన రోజు బల్ల కింద పడేశాను."

"ఆ రోజు వేడినీళ్ళు దేంతో కాచాననుకున్నావు మరి? చేతికందిందల్లా పొయ్యిలో పెట్టాను."

హేరియస్ దింపిన కట్టెలు అలాగే వదిలేశాడు. బ్లాట్టియస్ దగ్గరికి పోయాడు. ఆ రోజు బ్లాట్టియస్ వాకిట్లోకి వచ్చి వెళ్ళాడు.

"నేను కర్ర కోస్తుంటే చూశావు కదా. బల్ల మీద నా చేతి కిందున్న కర్ర ఏది?"

"కర్రే కదా బావా. నా కంటికి రెండూ ఒకటే. నీ ముఖం మాత్రం సున్నం కొట్టినట్టుంది, అది గుర్తుంది."

అంతటితో సాక్షుల సంగతి అయిపోయింది. ఓడ ఎప్పుడో వెళ్ళిపోయింది, సముద్రం మూసేశారు, ఉత్తరం రాసినా పట్టుకెళ్ళేవాడు లేడు. హేరియస్ లెక్క వేసుకున్నాడు. కోసింది తన కొలకర్ర ప్రకారమైతే స్తంభం ఇరవై నాలుగడుగులు. తండ్రిదైతే అడుగు మీద పదకొండు వేళ్ళు తక్కువ. ఈ అంకె అతని బుర్రలో ఈగలా తిరగడం మొదలుపెట్టింది. బజారులో నడుస్తూ ఎదురొచ్చిన స్తంభాన్నల్లా చూసి, అందులోంచి అడుగు మీద పదకొండు వేళ్ళు తీసేసేవాడు. ఊరంతా మధ్యాహ్నం తిని పడుకునే వేళ ఒక్కడూ రాతిబల్ల దగ్గరికి పోయి తన కర్రను దాని గాట్ల మీద పెట్టి చూసుకునేవాడు. కర్ర ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. ఇంటికొచ్చేవాడు. మళ్ళీ పోయేవాడు.

అయినా పని ఆగలేదు. మంచు లేని రోజుల్లో కార్విలియస్ మండపం ముఖాన్ని నిలువెత్తు కొలతలో, చావడి ముందున్న రాతి పరపు మీద గీయించాడు. రాయి చెక్కేవాళ్ళు ఆ గీతల మీదనే తమ అచ్చులు పెట్టి కోసుకుంటారు. హేరియస్ ఎర్రమట్టి అద్దిన నూలుతాడు లాగి వదిలి గీతలు కొట్టాడు. కంపాసుతో వంపులు తీశాడు. స్తంభాన్ని నేల మీద పడుకోబెట్టి గీశాడు, ఇరవై నాలుగడుగులు. నడుము దగ్గర కాస్త ఉబ్బు, పైకి పోయేకొద్దీ సన్నం. గీస్తున్నంతసేపూ దాని పక్కనే కురచది ఒకటి అతని కళ్ళకు కనబడుతూనే ఉండేది.

కార్విలియస్ ఒకటి రెండుసార్లు అడిగాడు కూడా. "ఏవోయ్, ఒంట్లో బాగాలేదా? ఒక్కో గీతా మూడుసార్లు కొలుస్తున్నావు."

"చలికి తాడు బిగుసుకుపోతోందండి."

ఇంట్లో కూతురు పసిదాన్ని ఎత్తుకొచ్చి, "నాన్నా, కాసేపు పట్టుకో, ఇది నీ చేతుల్లోనే నిద్రపోతుంది" అనేది. పిల్ల నిద్రపోయేది. అతను పిల్లతో సహా గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతూనే ఉండేవాడు.

వసంతం వచ్చింది. గోడలు నడుము దాటాయి. ఒకరోజు బ్లాట్టియస్ సున్నం చేతులు దులుపుకుంటూ, "బావా, ఎల్లుండికి పరంజా పైకెక్కిస్తాం. దూలాల గూళ్ళు ఎంత ఎత్తులో వదలాలో గుర్తులు పెట్టి పో" అన్నాడు మామూలుగా.

గూళ్ళు కుదిరాక ఇక తిరుగులేదు. కురచ స్తంభాలే వస్తే గోడలు విప్పాలి, లేదా స్తంభాలు పారేయాలి. హేరియస్ గుర్తులు పెట్టలేదు. తిన్నగా పరపు దగ్గరికి పోయాడు. కార్విలియస్ ముక్కోణం మధ్యలో చతికిలబడి ఏదో చెరుపుతున్నాడు.

"అయ్యగారూ, ఒక మాట."

"చెప్పు. గీత తొక్కకు."

చెప్పాడు. కాన్పు దగ్గర మొదలుపెట్టి కత్తిగీటు దాకా చెప్పాడు. ముసలాయన దవడ ఆగిపోయింది.

"అంటే పొట్టి కర్ర పంపావా?"

"తెలీదండి."

"తెలీదంటే?"

"పంపి ఉండొచ్చు. పంపకపోయీ ఉండొచ్చు."

"తెలీదన్న సంగతి ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"ద్రాక్షకోతలైన నెల్నుంచి."

"ఐదు నెలలు" అన్నాడు కార్విలియస్ మెల్లగా. "ఐదు నెలలు నా కళ్ళెదురుగా ఈ స్తంభం గీశావు. నడుము వంపు బాగా వచ్చిందని నేను మెచ్చుకున్నాను కూడాను."

హేరియస్ తలొంచుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది. ముసలాయన తిట్టలేదు. చేతి గుడ్డను నేల మీదికి విసిరాడు, మళ్ళీ తనే వంగి తీసుకున్నాడు.

"ఇప్పుడెందుకు చెప్పావు? ఇన్నాళ్ళు ఆగినవాడివి, ఓడ వచ్చేదాకా ఆగలేకపోయావా?"

"ఎల్లుండి గూళ్ళు వదుల్తారండి."

కార్విలియస్ చాలాసేపు గోడల వంక చూశాడు. "మీ బావమరిదితో చెప్పు, గోడలు భుజమెత్తున ఆపమను. ముఖం రాళ్ళు ఎవరూ కోయొద్దు. ఈ పక్కన పరపు కడిగించు. రెండో ముఖం గీద్దాం. కురచ స్తంభం వస్తే మండపం ఎలా ఉండాలో చూద్దాం."

పది రోజులు పట్టింది. ఇద్దరూ మోకాళ్ళ మీద పాకుతూ గీశారు. పునాదులు పూడ్చేశారు కనుక స్తంభాల చోట్లు మారవు. స్తంభం సన్నబడితే సందు వెడల్పవుతుంది, అడ్డరాయి ఎక్కువ దూరం మోయాలి. దాని మందం ఎంత ఉండాలన్న దగ్గర ఇద్దరూ వాదించుకున్నారు. కార్విలియస్ రెండుసార్లు చెరిపాడు. పనిలో పడ్డంతసేపూ హేరియస్‌కు కాస్త ఊపిరాడేది. లేచి నిలబడితే పక్కపక్కన రెండు ముఖాలు, ఏది నిజమో తెలియకుండా.

పని ఆగిందని విని మాగియస్ వచ్చాడు, వెనక నలుగురు మనుషులతో.

"నా మండపానికి రెండు ముఖాలెందుకు?"

కార్విలియస్ ఏదో చెప్పి దాటవేయబోయాడు. హేరియస్ ముందుకొచ్చి, "తప్పు నాదండి" అని మొత్తం చెప్పేశాడు. మాగియస్ విన్నాడు. అతను అడిగింది ఒక్కటే.

"నా పేరున్న రాయి ఎంత కిందికొస్తుంది?"

"అడుగు మీద పదకొండు వేళ్ళు."

"వస్తే కదా. వచ్చినా రాకపోయినా, రేపట్నుంచి ఈ మనిషి నా పనిలో కనబడకూడదు. కర్ర పట్టుకోవడం రానివాడికి కొలత ఎందుకు?"

వెనకున్నవాళ్ళు నవ్వారు. కార్విలియస్ అడ్డుపడలేదు. హేరియస్ తాడూ గుండ్లూ సంచిలో సర్దుకుని ఇంటికొచ్చాడు. వారంలో ఊరంతా పాకింది. పాత ఇళ్ళవాళ్ళు కూడా గుమ్మాలకు వేరేవాళ్ళను పిలుచుకున్నారు. సంతలో చేపలమ్మే మనిషి, "రా అన్నా, ఈ చేప ఎన్ని అడుగులుంటుందో చెప్పు, పాతవీ కొత్తవీ రెండూ చెప్పు" అని ఆటపట్టించాడు.

ఇంట్లో పక్యాకు అప్పుడు తెలిసింది సంగతి. "నాకు ముందే చెప్పి ఉంటే గిన్నెల గురించి అంత సతాయించేదాన్ని కాదుగా" అంది. ఆ తర్వాత కాసేపటికి, "ఆ ముక్క పొయ్యిలో పెట్టింది నేనే కదా" అని తనలో తనే అనుకున్నట్టు అంది.

"నీళ్ళు కాగకపోతే పిల్ల దక్కేది కాదు" అన్నాడు హేరియస్.

పని లేకపోయేసరికి తిరుగుడు ఇంకా ఎక్కువైంది. తెల్లారకముందే లేచేవాడు. తోటల్లోకి పోయేవాడు, కాలువ గట్టు దాకా పోయేవాడు. ఎవరైనా పలకరిస్తే మాట మధ్యలో ఆపేసి, పడమట రేవుకు పోయే బాట వైపు చూసేవాడు.

వేసవి మొదట్లో పుటియోలి రేవులో ఓడ దిగిందని కబురొచ్చింది. స్తంభాలు బండ్లకెక్కించడానికి బ్లాట్టియస్ ఎడ్లను తోలుకుని బయల్దేరాడు. ఊరి ద్వారం బయట హేరియస్ నిలబడి ఉన్నాడు, భుజాన సంచితో.

"బావా, నిన్ను రావొద్దన్నారు కదా."

"పనిలోకి రావొద్దన్నారు. బాట మీద నడవొద్దనలేదు."

బ్లాట్టియస్ బండి మీద చోటు చూపించాడు. హేరియస్ ఎక్కలేదు. రెండు రోజుల దారీ ఎడ్ల ముందే నడిచాడు. ఎడ్లు నీళ్ళు తాగడానికి ఆగితే అతను ముందుకు పోయి, తిరిగి వెనక్కి వచ్చేవాడు.

రేవులో ఆరు స్తంభాలూ గడ్డి మీద వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. పచ్చటి చారలు, ఉప్పు మరకలు. హేరియస్ సంచిలోంచి తాడు తీశాడు. ఊరి రాతిబల్ల మీద స్వయంగా కొలిచి, ఇరవై నాలుగడుగుల దగ్గర ముడి వేసిన తాడు. ఒక కొస బ్లాట్టియస్ చేతికిచ్చి, స్తంభం మొదలు దగ్గర గట్టిగా అదిమి పట్టుకోమన్నాడు. రెండో కొస పట్టుకుని రాయి వెంబడి నడిచాడు.

రాయి ముందే అయిపోయింది. ముడి గాల్లో వేలాడింది.

కర్ర తీసి ఆ ఖాళీ కొలిచాడు. అడుగు మీద పదకొండు వేళ్ళు. రెండో స్తంభం కొలిచాడు, మూడోది కొలిచాడు. నాలుగోది కొలవలేదు.

బ్లాట్టియస్ తాడు కొస ఇంకా పట్టుకునే ఉన్నాడు. హేరియస్ స్తంభం మీద కూర్చున్నాడు. కాళ్ళు చాపుకున్నాడు.

"తినడానికేమైనా ఉందట్రా?"

బ్లాట్టియస్ రేవు అంగట్లోంచి వేయించిన చేపలు, రొట్టె, ఉడికించిన శనగలు తెచ్చాడు. హేరియస్ అన్నీ తిన్నాడు. బ్లాట్టియస్ వాటా లోంచి కూడా ఒక చేప తీసుకున్నాడు.

"ఇలాంటి సంగతి తెలిసి ఆకలేసిన మనిషిని నిన్నే చూశాను బావా."

"ఇన్నాళ్ళూ రెండు స్తంభాలు మోశాన్రా, పొడుగుదీ పొట్టిదీ. ఇప్పుడు ఒక్కటే."

అంటూనే, ఆరేసిన తెరచాప నీడలో వెల్లకిలా పడుకున్నాడు. దుంగలు దొర్లే చప్పుడు, కూలీల కేకలు, ఎడ్ల మువ్వలు ఏవీ అతనికి వినబడలేదు. స్తంభాలన్నీ బండ్లకెక్కాక బ్లాట్టియస్ తట్టి లేపాల్సి వచ్చింది. తిరుగుదారిలో బండి మీదనే కూర్చున్నాడు.

మండపం రెండో బొమ్మ ప్రకారమే లేచింది. గోడలు భుజమెత్తున ఆగి ఉన్నాయి కనుక విప్పాల్సిన పని రాలేదు, ఒక్క రాయీ వృథా కాలేదు. ఆకురాలే కాలానికి కప్పు వేశారు. మాగియస్ పేరు కిందికి దిగడంతో బజారులోంచి ఇంకా బాగా కనబడుతోందని జనం అన్నారు. మాగియస్ మాత్రం హేరియస్ ఎదురైతే ముఖం తిప్పుకునేవాడు. ఆ శిక్ష ఎత్తేయలేదు. ప్రారంభం రోజున హేరియస్ వెళ్ళలేదు. పిలవలేదు కూడా.

అతని నిలకడలేనితనం పూర్తిగా పోయిందనడానికి లేదు. ఆ తర్వాత కర్ర ముక్క కోయాల్సి వస్తే పక్యానో కూతుర్నో పిలిచి, "ఇది రోము అడుగు, చూడు, పైకి చెప్పు" అనేవాడు. వాళ్ళు విసుక్కుంటూ చెప్పేవాళ్ళు. చెప్పాక కూడా ఒకసారి రాతిబల్ల దాకా పోయొచ్చేవాడు.

మరుసటి ఏడు నోలా ఊరివాళ్ళు వాగు మీద వంతెన కట్టించదలిచారు. స్థపతి కార్విలియసే. కొలతకు హేరియస్‌ను పిలిపించమని చెప్పింది ఆయనే. హేరియస్ వెళ్ళి నోలా పెద్దల ముందు నిలబడి, ఎవరూ అడక్కముందే అబెల్లా సంగతి మొత్తం చెప్పాడు.

పెద్దల్లో ఒకాయన కార్విలియస్ వైపు తిరిగాడు. "ఇంత చెప్పుకున్నాక ఇతన్నే ఎందుకు పెట్టమంటున్నారు?"

"తప్పు చేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు" అన్నాడు కార్విలియస్. "గోడ భుజమెత్తున ఉండగా వచ్చి చెప్పినవాడు ఇతనొక్కడే."

ఆ పెద్దాయన ఇంకా సందేహంగానే చూశాడు. అయినా పని ఇచ్చారు. హేరియస్ ఆ మధ్యాహ్నమే వాగులోకి దిగాడు. నడుములోతు నీళ్ళలో, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తాడు లాగి, వెడల్పు కొలవడం మొదలుపెట్టాడు.